గుర్రం మొరాయిస్తోందా? ముందు జీను దించి చూడండి

గుర్రాలు పెంచేవారు, స్వారీ నేర్చుకునేవారు పంపిన ప్రశ్నలకు మా పశువైద్య బృందం జవాబులు. ఈసారి వచ్చిన చాలా ఉత్తరాల్లో 'మొండి', 'పొగరు' అన్న మాటలు కనిపించాయి. అలాంటి ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. తన కోసం ఏడేళ్ల మార్వాడీ గుర్రాన్ని కొన్నాం. మొదటి నాలుగు నెలలు బాగానే ఉంది. ఇప్పుడు జీను తెస్తుంటేనే చెవులు వెనక్కి వాల్చేస్తోంది, తంగు (జీనును పట్టి ఉంచే పొట్ట కింది పట్టీ) బిగిస్తుంటే కరవడానికి వస్తోంది. ఎక్కబోతే పక్కకు జరుగుతోంది. పొగరెక్కింది, కొరడా చూపించమంటున్నాడు ట్రైనర్. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మొయినాబాద్

జవాబు: కొరడా పక్కన పెట్టించండి. నాలుగు నెలలు బాగా ఉన్న గుర్రం జీను చూడగానే చెవులు వాలుస్తోందంటే, జీను వేశాక ఎక్కడో నొప్పి పుడుతోందని దానికి తెలిసిపోయింది. ఆ నొప్పి ఎక్కడుందో తేలేవరకూ స్వారీ ఆపేయండి.

మొదట వీపు చూడాలి. గుర్రాన్ని చదునైన చోట నిలబెట్టి, జీను లేకుండా, మూపు వెనక నుంచి నడుము దాకా వెన్నెముకకు ఇరువైపులా నాలుగు వేళ్ల దూరంలో వేలికొసలతో నెమ్మదిగా నొక్కుతూ వెళ్లండి. మామిడిపండు మాగిందో లేదో చూసేటంత ఒత్తిడి చాలు. ఒకచోట వీపు కిందికి కుంగినా, కండ అదిరినా, తోక విసిరినా అక్కడ ఆగి, అర నిమిషం తర్వాత మళ్లీ నొక్కండి. రెండోసారీ అదే జరిగితే నొప్పి అక్కడే ఉన్నట్టు. జీను ఆనే చోట కొత్తగా తెల్లవెంట్రుకలు మొలిచాయేమో కూడా చూడండి. ఒత్తిడికి రక్తప్రసారం తగ్గి, వెంట్రుకల కుదుళ్లు దెబ్బతింటే అలా అవుతుంది.

తర్వాత జీను. కింద ఏ గుడ్డా వేయకుండా ఒట్టి వీపు మీద కాస్త ముందుగా పెట్టి వెనక్కి జరపండి. భుజం ఎముక వెనక అది తనంతట తానే ఆగే చోటు ఒకటి ఉంటుంది. ముందుకాలు చాచినప్పుడు భుజం ఎముక పైభాగం వెనక్కి తిరుగుతుంది కాబట్టి అక్కడ రెండు మూడు వేళ్ల ఖాళీ వదలాలి. వెనకవైపు జీను చివరి పక్కటెముక, అంటే 18వ దాన్ని దాటకూడదు. దాని వెనక నడుముకు బరువు మోసే ఆధారం లేదు. మూపు మీద, మనిషి కూర్చున్నాక కూడా రెండు వేళ్లు దూరాలి. జీను అడుగున ఉండే రెండు మెత్తల మధ్య కాలువ మూడు నాలుగు వేళ్ల వెడల్పుండి, వెన్నెముకను ఎక్కడా తాకకూడదు. ఆఖరున అరచేతిని మెత్త కింద ముందు నుంచి వెనక్కి పోనిచ్చి చూడండి. ముందూ వెనకా బిగుతుగా, మధ్యలో చెయ్యి వదులుగా ఆడిందంటే బరువంతా ఆ నాలుగు మూలల మీదే పడుతోంది.

మార్వాడీల్లో మూపు ఎత్తుగా, ఒళ్లు పలచగా ఉండేవి ఎక్కువ. వెడల్పైన జీను వేస్తే ముందుకు కుంగి మూపును ఒరుసుకుంటుంది. దానికి విరుగుడుగా మందపాటి గుడ్డలు రెండు మూడు వేస్తుంటారు. ఇరుకు జీను కింద గుడ్డలు పెంచితే బిగుతు ఇంకా పెరుగుతుంది. వెడల్పు జీను గుడ్డల మీద అటూ ఇటూ ఊగి కొత్త పుండు చేస్తుంది. జీనునే మార్చాలి, లేదా పనితెలిసినవారితో మెత్తల్లో ఉన్ని సరిచేయించాలి. గుర్రం కండపట్టినా చిక్కినా కొలత మారుతుంది కాబట్టి మూడు నెలలకోసారి మళ్లీ చూసుకోవాలి. మీ గుర్రం నాలుగు నెలలు బాగుండి తర్వాత మారిందన్నారు. పని చేసే కొద్దీ ఒళ్లు మారి, మొదట్లో సరిపోయిన జీనే ఇప్పుడు పట్టేస్తుండవచ్చు.

జీను సరిగ్గా కూర్చుందో లేదో చెమట కూడా చెబుతుంది. మళ్లీ స్వారీ మొదలుపెట్టాక, అరగంట తిరిగి జీను దించండి. తడి రెండువైపులా సమానంగా ఉండాలి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఎక్కువైందని అర్థం.

తంగును ఒక్కసారిగా లాగి బిగించకండి. నిలవడానికి చాలినంత బిగించి, పది అడుగులు నడిపించి ఇంకో రంధ్రం, ఎక్కే ముందు మరోటి. ప్రతిసారీ పట్టీ కింద వేళ్లు చదునుగా దూరాలి. మోచేతి వెనక బెత్తెడు వదిలి పట్టీ రావాలి. బిగించాక ముందుకాళ్లను ఒక్కొక్కటిగా ముందుకు చాపితే చర్మం మడత పడి నలగదు.

జీను, వీపు బాగున్నా తంగు దగ్గర కరిచే గుర్రానికి కడుపులో పుండు ఉందేమో అనుమానించాలి. గుర్రం పొట్టలో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, దాన్ని తగ్గించే లాలాజలం మాత్రం నమిలేటప్పుడే ఊరుతుంది. ఉదయం దాణా పెట్టి సాయంత్రం దాకా ఏమీ వేయకపోతే, ఆ ఖాళీ కడుపుతో పరుగెత్తించినప్పుడు ఆమ్లం పైభాగానికి చిందుతుంది. పొట్ట పైభాగానికి దాన్ని తట్టుకునే పొర లేదు. గడ్డి లేకుండా నాలుగు గంటలు దాటనివ్వకండి. స్వారీకి అరగంట ముందు కిలో దాకా ఎండుగడ్డి, దొరికితే లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం), తిననివ్వండి. పుండు ఉందని తేల్చేది మూడు మీటర్ల ఎండోస్కోపు పరీక్ష. ఉంటే డాక్టరు సాధారణంగా ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ మందు నాలుగు వారాలు రాస్తారు. మేత పద్ధతి మారకపోతే మందు ఆపాక పుండు మళ్లీ వస్తుంది.

బరువు సంగతి కూడా చూడండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, భుజం కొస నుంచి పిరుదు కొస దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టు 165, పొడవు 150 అయితే సుమారు 344 కిలోలు. అందులో ఐదోవంతు, అంటే 69 కిలోలు, జీనుతో కలిపి మోయించదగ్గ హద్దు. మీ అమ్మాయితో ఇబ్బంది ఉండదు. ఖాళీ రోజుల్లో ఎనభై ఐదు కిలోల ట్రైనర్ ఎక్కి 'దారిలో పెడుతుంటే' మాత్రం ఆపించండి.

ప్రశ్న: మా వీధిలో పెళ్లి ఊరేగింపుకు వచ్చిన గుర్రం నోటి నుంచి రక్తం కారింది. కళ్లేనికి లోపల ముళ్లున్నాయి. అది లేకపోతే బాణసంచాకు బెదిరి జనం మీద పడుతుందన్నాడు యజమాని. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముళ్ల కళ్లెం వాడటం నేరం. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 కింద, బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన నియమాలు ముళ్లు, మొనలు ఉన్న కళ్లేన్నీ జీను సామగ్రినీ నిషేధించాయి.

యజమాని వాదన ఎందుకు తప్పో చెబుతాం. గుర్రం నోట్లో ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెం ఆనేది అక్కడ. పలచని పొర, దాని కిందే ఎముక. ముల్లు గుచ్చుకుంటే చిగురు చీలడమే కాదు, ఎముక మీది పొర కూడా దెబ్బతింటుంది. గుర్రం నొప్పి నుంచి పారిపోయే జంతువు. ముందు బాణసంచా, నోట్లో ముల్లు ఉంటే తల పైకెత్తి రెండు కాళ్ల మీద లేస్తుంది. జనం మీద పడే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

నునుపైన, మధ్యలో కీలున్న స్నాఫుల్ కళ్లెం చాలు. కమ్మీ మందం 14 నుంచి 18 మిల్లీమీటర్లు, పెదవుల మూలల నుంచి ఇరువైపులా అర సెంటీమీటరు బయటికి రావాలి. ముందుగా గుర్రం పళ్లను డాక్టరుకు చూపించాలి. పై దవడపళ్ల బయటి అంచులు, కింది దవడపళ్ల లోపలి అంచులు అరిగి పదునెక్కుతాయి. బుగ్గను, నాలుకను కోస్తాయి. ఏడాదికోసారి డాక్టరు చేత ఆకురాయి పట్టించాలి. మేత నమిలి ఉండలుగా కింద పడేస్తున్నా, తల పక్కకు వంచి నములుతున్నా అంతకన్నా ముందే చూపించాలి. ముక్కు పట్టీ బిగించి నోరు మూసేయడం ఇంకో తప్పు. ముక్కు ఎముక పైన, ఎదుటి నుంచి కొలిస్తే, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అంతర్జాతీయ పోటీల్లో కూడా 2025 నుంచి ఇందుకోసం ప్రత్యేకంగా కొలత పరికరం పెట్టి చూస్తున్నారు.

చప్పుళ్లకు అలవాటు చేయడం వేరే పని, దానికి కళ్లెంతో సంబంధం లేదు. బ్యాండు చప్పుడు దూరంగా, చిన్నగా వినిపిస్తూ మేత పెట్టాలి. నిదానంగా తింటున్నన్నాళ్లూ రోజుకు కొంచెం దగ్గర చేయాలి. కొన్ని వారాలు పడుతుంది. ఇంత చేసినా కుదురుకోని గుర్రాన్ని ఊరేగింపులకు తేకూడదు. మీరు మళ్లీ అలాంటిది చూస్తే ఫొటో తీసి, స్థలం, సమయం రాసుకుని పోలీసు స్టేషన్లో గానీ జిల్లా జంతుహింస నివారణ సంఘంలో గానీ ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: మా గుర్రానికి మేతకు లోటు లేదు. రోజూ కోసిన నేపియర్ గడ్డి, మూడు కిలోల తవుడు, ఉడికించిన ఉలవలు. అయినా రెండు నెలలుగా ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు కుంటుతోంది. కళ్ల కింద ముఖం రెండువైపులా ఉబ్బినట్టుంది. లాడం మార్చినా తగ్గలేదు.
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీరు రాసిన లక్షణాలు 'బిగ్ హెడ్' అనే జబ్బువి. వెంటనే పశువైద్యుడికి చూపించండి. మూలం మేతలోనే ఉంది. గోదావరి జిల్లాల్లో ఆవులకు పెట్టే మేతనే గుర్రానికీ పెట్టేవారందరూ ఇది చదవాలి.

తవుడులో ఫాస్ఫరస్, కాల్షియం కన్నా పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కాల్షియమే ఎక్కువ కావాలి. మేత మొత్తం మీద ఫాస్ఫరస్ ఒక పాలైతే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు ఉండాలి. ఇక నేపియర్, గినీ, పారా గడ్డుల్లో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కడుపులోనే కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను విరగ్గొడతాయి. గుర్రానికి ఆ వెసులుబాటు దాదాపు లేదు. రక్తంలో కాల్షియం నిలబెట్టుకోవడానికి శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఖాళీ అయిన చోట నారపొర పెరిగి ముఖం ఉబ్బుతుంది. కీళ్ల దగ్గర ఎముక బలహీనపడి రోజుకో కాలు కుంటుతుంది. ముదిరితే పళ్లు కదులుతాయి, మామూలు పరుగులోనే ఎముక విరగవచ్చు. అందుకే ఇప్పుడు స్వారీ పూర్తిగా ఆపాలి.

తవుడు మానిపించండి. నేపియర్ తగ్గిస్తూ గరిక గడ్డి, ఎండబెట్టిన లూసర్న్ తేవాలి. లూసర్న్‌లో కాల్షియం పుష్కలం. డాక్టరు సలహాతో సున్నపురాయి పొడి, డైకాల్షియం ఫాస్ఫేట్ కలిపి నెలల తరబడి ఇవ్వాల్సి ఉంటుంది. కుంటు కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఎముక గట్టిపడటానికి చాలా నెలలు పడుతుంది, ముఖం వాపు పూర్తిగా పోకపోవచ్చు. మార్పులు వారం పది రోజుల మీద చేయండి. ఒక్కరోజులో మేత మారిస్తే పెద్దపేగులోని సూక్ష్మజీవులు తట్టుకోలేక శూల వస్తుంది.

లెక్క కావాలంటే, 350 కిలోల గుర్రానికి రోజుకు ఏడు కిలోల ఎండుమేత, అంటే బరువులో రెండు శాతం. పచ్చిగడ్డిలో నీరే ఎక్కువ కాబట్టి అదైతే నాలుగైదు రెట్లు తూచాలి. ఎండు వరిగడ్డిలో సత్తువ తక్కువ. నమలడానికి కొంత వేయవచ్చు గానీ దాని మీదే పెంచకూడదు. ఉలవలు నానబెట్టి ఉడికించడం మంచి పద్ధతే, పచ్చివి అరగవు. దాణా ఏదైనా పూటకు కిలో, కిలోంబావు మించకుండా రెండు మూడు పూటలుగా పంచండి. ఉప్పు రోజుకు 30 గ్రాములు. బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క ముట్టనివ్వకండి. కోళ్ల దాణా, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోడికి మేలు చేసే ఆ మందు కిలో శరీర బరువుకు రెండు మూడు మిల్లీగ్రాములు చేరినా గుర్రం గుండె కండరాన్ని చంపేస్తుంది. విరుగుడు లేదు. బస్తాలు పక్కపక్కన కూడా పెట్టకండి.

ప్రశ్న: విశాఖలో రైడింగ్ క్లబ్ నడుపుతున్నాం. వేసవిలో ఎన్ని గంటల దాకా క్లాసులు పెట్టవచ్చు? స్వారీ అయ్యాక చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయంటారు, నిజమా?
– ఒక నిర్వాహకుడు, విశాఖపట్నం

జవాబు: చన్నీళ్ల భయం వదిలేయండి. వేడెక్కిన గుర్రానికి చన్నీళ్లే మందు. మెడ, ఛాతీ, వీపు, పిరుదులు అంతటా ఆగకుండా పోస్తూనే ఉండండి. తడిపిన గుడ్డ కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. తాగడానికి నీళ్లు వెంటనే ఇవ్వవచ్చు. దాహంతో ఆపి ఉంచడం వల్ల మేలేమీ లేదు. ఎండలో పనిచేసే గుర్రం రోజుకు 40 నుంచి 60 లీటర్లు తాగుతుంది.

గడియారం కన్నా గాలి తేమ ముఖ్యం. ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు తేమ శాతం కలపండి. 130 లోపు ఇబ్బంది లేదు. 150 దాటితే పని తగ్గించాలి. 180 దగ్గర స్వారీ వద్దు. మీ సముద్రపు గాలిలో సాయంత్రం 90 డిగ్రీలు, 80 శాతం తేమ అంటే 170. సూర్యుడు దిగిపోయాడని మోసపోకండి, అంత తేమలో చెమట ఆరదు. తెలంగాణ పాఠకులకు ఒక హెచ్చరిక: ఈ లెక్క పొడి ఎండను తక్కువ చేసి చూపిస్తుంది. 109 డిగ్రీలు, 20 శాతం తేమ కలిపితే 129 వస్తుంది. ఆ ఎండలో స్వారీ క్షేమమని ఎవరూ అనలేరు. 1965 నియమాల ప్రకారం 37 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఈ జంతువుల చేత పని చేయించకూడదు. స్వారీ గుర్రాలకూ అదే పాటించండి.

క్లబ్బులో థర్మామీటరు తప్పనిసరి. తీరికగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28–44 గుండె కొట్టుకోవడాలు, 8–16 శ్వాసలు, ఉష్ణోగ్రత 99–101 డిగ్రీల ఫారన్‌హీట్. స్వారీ ఆపిన పదిహేను నిమిషాలకు గుండె 60 లోపుకు దిగకపోతే ఆ రోజుకు దానికి పని లేదు. మలద్వారంలో 104 దాటితే నీళ్లు పోస్తూనే డాక్టరును పిలవండి. పక్క గుర్రాలు తడిసి ముద్దవుతుంటే ఒకటి మాత్రం పొడిగా, రొప్పుతూ ఉంటే చెమట పట్టని జబ్బు అయివుండవచ్చు. తేమ ఎక్కువైన తీరప్రాంతాల్లో ఇది వస్తుంది. దాన్ని చల్లని ఊరికి పంపడమే మేలైన దారి.

ప్రశ్న: కొండల్లో సామాన్లు మోయడానికి గుర్రం ఉంది. నిన్న లాడం కొట్టించాం, ఈరోజు కాలు మోపడం లేదు. ఇంకో కాలి డెక్క కింద నల్లగా కారుతూ కంపు కొడుతోంది.
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: లాడం కొట్టిన ఒకటి రెండు రోజుల్లో కుంటితే మేకు లోపలి జీవం ఉన్న భాగంలోకి దిగిందనుకోవాలి. డెక్క వేడిగా ఉందా, మడమ పైన రెండువైపులా నాడి గట్టిగా కొట్టుకుంటోందా చూడండి. ఉంటే ఈరోజే లాడం విప్పించి, ఏ మేకు తడిగా వచ్చిందో గుర్తుపెట్టించండి. ఆ రంధ్రంలో అయొడిన్ పోసి, చీము ఉంటే డాక్టరు చేత తీయించాలి. ధనుర్వాతం టీకా మర్చిపోవద్దు. ఆ జబ్బుకు గుర్రం అంత తేలికగా లొంగే జంతువులు చాలా తక్కువ. మొదట నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు మోతాదులు, తర్వాత ఏటా ఒకటి వేయించాలి.

నల్లటి కంపు, తడి పేడలో నిలబడటం వల్ల డెక్క అడుగున మెత్తటి భాగం కుళ్లడం. రోజూ శుభ్రం చేసి, ఆరబెట్టి, పొవిడోన్ అయొడిన్ రాసి, పొడి నేల మీద కట్టండి. డెక్క నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చెక్కించాలి. పొట్టి గుర్రం వీపున 70 కిలోలు మించకూడదని కూడా 1965 నియమాల్లో ఉంది. బరువు ఇరువైపులా సమానంగా, వెన్నెముకకు తగలకుండా కట్టండి.

ప్రశ్న: మలక్‌పేట రేసుల నుంచి తప్పించిన ఐదేళ్ల గుర్రాన్ని తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. కొనవచ్చా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నాలుగు కాళ్ల స్నాయువుల స్కానింగు, కీళ్ల ఎక్స్‌రేలు తీయించాకే. గ్లాండర్స్ లేదన్న రక్తపరీక్ష కాగితం అడగండి. అది మనుషులకూ సోకే జబ్బు. తెచ్చాక రేసు దాణా రెండు మూడు వారాల్లో తగ్గిస్తూ గడ్డి పెంచాలి. పగ్గం లాగితే ఇంకా వేగం పెంచడం వాటికి నేర్పిన పాఠం, కాబట్టి మొదటి నెలల్లో తెలిసినవారే ఎక్కాలి. మీరు ఇప్పుడిప్పుడే స్వారీ నేర్చుకుంటుంటే వద్దు.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో గుర్రం నడుపుతాను. కడుపునొప్పి వస్తే వెదురు గొట్టంతో నూనె, సారా పోస్తాం. ఇది మంచిదేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పోయవద్దు. నొప్పితో తల విసిరే గుర్రానికి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. గుర్రం కక్కలేదు కూడా, నిండిన పొట్ట మీద ఇంకా పోస్తే పగలవచ్చు. నూనె ఇవ్వాలంటే డాక్టరు ముక్కు గుండా గొట్టం వేసి, ముందు లోపలిది బయటికి తీసి ఇస్తారు. నేల గీరడం, డొక్కను తిరిగి చూసుకోవడం, పొర్లడం, పేడ ఆగిపోవడం కనిపిస్తే మేత తీసేసి, పది పదిహేను నిమిషాలు నడిపించి, గుండె లెక్కపెట్టండి. నిమిషానికి 60 దాటితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా డాక్టరును పిలవాలి.

బీచ్ గుర్రాలకు ఇసుక పెద్ద కారణం. నేల మీద వేసిన గడ్డితో పాటు మింగుతాయి. కుప్ప మధ్య నుంచి ఐదారు పేడ ఉండలు తీసి, లీటరు నీళ్లున్న పారదర్శకమైన కవరులో కలిపి, పావుగంట వేలాడదీయండి. అడుగున చెంచాకు మించి ఇసుక చేరితే లోపల ఇంకా పేరుకుని ఉండవచ్చు. అప్పుడు డాక్టరును అడిగి ఇసబ్‌గోల్ మొదలుపెట్టండి. మోతాదు కిలో శరీర బరువుకు ఒక గ్రాము లెక్కన, రోజుకొకసారి, దాణాలో కలిపి, వారం రోజులు. తడిపితే జిగురవుతుంది, గుర్రం ముట్టదు, పొడిగానే కలపాలి. ఇకమీదట గడ్డి తొట్టిలో గానీ వలలో గానీ వేసి, కింద రబ్బరు చాప పరవండి.